డబల్ లాకూ, చిరగని అరిటాకూ

ఈ మధ్య సర్కారు కచేరీల్లో కొత్తగా చేరుతున్న కుర్ర గుమాస్తాలు ‘డబల్’ అనే ఇంగ్లీషు మాటను ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నారు. సెలవు పెట్టినవాడి పని కూడా మీద పడితే డబల్ పని అంటారు. జవాబు రాయడానికి ఇంకో ముక్క అతికించి ఉన్న పోస్టుకార్డుని డబల్ కార్డు అంటారు. మొన్న మా వీధిలో పెళ్ళి భోజనాల దగ్గర మా మేనల్లుడు బూరెలో రెండోసారి నెయ్యి పోయించుకోవడానికి “డబల్, డబల్” అని కేక వేశాడు. వడ్డించే ఆయనకి ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. అయినా తడుముకోకుండా పోశాడు.

నాకు సంతోషమే. మాటన్నాక నలుగురి నోళ్ళలో నానాలి. కాని దాని అర్థం మీకు తెలుసునంటే మాత్రం నేను ఒప్పుకోను. మీరంతా ఆ మాటను బయటి నుంచి చూశారు. నేను లోపల కూర్చుని చూశాను, బయట తాళం వేసి ఉండగా చూశాను. అందుకని, పింఛను పుచ్చుకుంటూ పడకకుర్చీలో పడి ఉన్న ఈ ముసలివాడు చెప్పేది కాస్త ఓపికగా వినండి.

అప్పటికి మా వైపు రైలు రాలేదు. రాజమండ్రి వెళ్ళాలన్నా, నరసాపురం వెళ్ళాలన్నా కాలువ మీద పడవే గతి. మా తాలూకా కచేరీ కాలువ గట్టుని ఆనుకుని ఉండేది. నేను అక్కడ ఖజానా గుమాస్తాని, అదీ తాత్కాలికంగా. తనిఖీకి దొరగారు వచ్చి సరే అంటే ఉద్యోగం ఖాయం, పెదవి విరిస్తే ఇంటికి పొమ్మని ముందే చెప్పి పెట్టారు. నాకు అప్పటికే పెళ్ళయింది. మా మామగారు రాసే ప్రతి ఉత్తరంలోనూ నా ఆరోగ్యం సంగతి తరువాత, ఉద్యోగం ఖాయమైందా అన్న ప్రశ్న ముందు.

మా ఖజానా గదిని డబల్ లాక్ అనేవారు. ఇనప పట్టీలు కొట్టిన టేకు తలుపు, దానికి రెండు గొళ్ళేలు, రెండు తాళం కప్పలు. ఒకదాని తాళంచెవి తాసిల్దారుగారి దగ్గర, రెండోదానిది ఖజానాదారుగారి దగ్గర. తాసిల్దారుగారు తన చెవిని మొలతాడుకి కట్టుకునేవారు. ఖజానాదారుగారు జంధ్యానికి కట్టుకునేవారు. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది, ఇద్దరూ వస్తేనే మూతపడేది.

చేరిన కొత్తలో నేను తాసిల్దారుగారిని అడిగాను. “డబల్ అంటే రెట్టింపు గట్టిదనాండీ?”

ఆయన ఒక పట్టు ముక్కుపొడుం పీల్చి నవ్వారు. “అది బడిలో చెప్పే డబల్ అబ్బాయ్. సర్కారువారి డబల్ వేరు. ఇద్దరున్నారు, ఇద్దరిలో ఏ ఒక్కణ్ణీ నమ్మేది లేదు అని దానర్థం. నేను ఆయన్ని కనిపెట్టి ఉంటాను, ఆయన నన్ను కనిపెట్టి ఉంటాడు. సర్కారు హాయిగా నిద్రపోతుంది.”

అర్థం బాగానే ఉంది. కాకపోతే ఆ ఇద్దరూ వియ్యంకులవుతారని సర్కారు ఊహించలేదు.

తాసిల్దారుగారి అమ్మాయిని ఖజానాదారుగారి అబ్బాయికి ఇచ్చి చేశారు. దాంతో మర్యాదలన్నీ తలకిందులయ్యాయి. కచేరీలో తాసిల్దారుగారు కూర్చుంటే ఖజానాదారుగారు నిలబడాలి. పెళ్ళి పందిట్లో ఖజానాదారుగారు మగపెళ్ళివారు కనక ఆయన కూర్చుంటే తాసిల్దారుగారు చేతులు కట్టుకుని నిలబడాలి. అలవాటు పడేదాకా ఇద్దరూ తెగ తడబడ్డారు. ఒకరోజు ఖజానాదారుగారు ఏదో సంతకం కోసం గదిలోకి వస్తే తాసిల్దారుగారు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారు కదా అని కచేరీ అంతా లేచింది. ఎందుకు లేచామో ఎవరికీ తెలియదు. మళ్ళీ ఎప్పుడు కూర్చోవాలో కూడా తెలియక కాసేపు అలాగే నిలబడ్డాం.

అసలు తంటా పెళ్ళి భోజనాల్లో వచ్చింది. మన వైపు వియ్యంకుడికి కొసాకు వెయ్యాలి. అరిటాకు కొస, ఎక్కడా చిరుగు లేనిది, వెడల్పాటిది. ఖజానాదారుగారికి కొసాకే వేశారు. కాని అందులో ఒక చీలిక ఉంది. ఆయన చూసుకోకుండా ముక్కల పులుసు పోయించుకున్నారు. పులుసు చీలికలోంచి దిగి, ఆకు కిందుగా పారి, ఆయన పట్టుపంచెను పట్టుకుంది.

“గాలికి చిరిగి ఉంటుందండీ బావగారూ. మన కాలువ గాలి తమరికి తెలియనిదాండీ?” అన్నారు తాసిల్దారుగారు.

“ఇన్ని ఆకులుంటే ఆ గాలికి నా ఆకే దొరికిందాండీ?” అన్నారు ఖజానాదారుగారు.

అంతే, లేచి చెయ్యి కడిగేసుకున్నారు. ఆ రోజు నుంచి వియ్యంకుల మధ్య మాటల్లేవు. అమ్మాయి కాపురానికి వెళ్ళింది. అత్తవారింట్లో ఆ పిల్లని అపురూపంగా చూసుకుంటున్నారు. అలక అంతా ఈ పెద్దమనుషుల మధ్యనే. అలిగింది ఖజానాదారుగారు. తాలూకాకి తాసిల్దారునై ఉండి నేనెందుకు తగ్గాలి అని ఈయనా బిగుసుకున్నారు.

మరి ఖజానా తలుపు సంగతేమిటి? అక్కడే ఇద్దరూ తమ తెలివంతా ఉపయోగించారు. ఖజానా గదికి ఇటు పక్క తాసిల్దారుగారి గది, అటు పక్క ఖజానాదారుగారి గది. ఖజానాదారుగారు ముందు వచ్చి తన తాళం తీసి వెళ్ళిపోయేవారు. ఆయన చెప్పుల చప్పుడు ఆగాక తాసిల్దారుగారు వచ్చి తన తాళం తీసేవారు. మూసేటప్పుడూ అంతే. నిజానికి ఇద్దరూ గడపలో నిలబడి లోపలికి తొంగి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని మరీ మూయాలి. మొదట వచ్చిన ఆయన ‘ఎలాగూ వెనక వచ్చే ఆయన చూస్తాడు’ అనుకునేవారు. వెనక వచ్చిన ఆయన ‘ముందు వచ్చినాయన చూసే ఉంటాడు’ అనుకునేవారు. ఇద్దరు చూడవలసిన గదిని చివరికి ఎవరూ చూడడం లేదు. డబల్ అనే మాటకి ఈ అర్థం కూడా ఉందని నాకు త్వరలోనే తెలిసివచ్చింది.

దొరగారి పడవ సాయంత్రానికి రేవుకి వస్తుందని కబురు వచ్చిన రోజది. శ్రావణమాసం. గోడల చెమ్మకి గదిలో స్టాంపు కాగితాల కట్టలు మెత్తబడుతున్నాయి. అవి దొరగారి కంట పడితే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవలసిందే. అందుకని పొద్దుటి పనులయ్యాక పెద్ద పెట్టె వెనక్కి దూరి, కట్టలను గోడ నుంచి జరిపి చెక్కల మీదికి ఎత్తుతున్నాను. అప్పట్లో నేను బక్కపలచని మనిషిని. పెట్టెకీ గోడకీ మధ్య సరిగ్గా ఇమిడిపోయాను. మళ్ళీ బయటికి రావడమే కష్టమైంది.

ఇంతలో తలుపు కిర్రుమంది. గదిలో వెలుతురు పోయింది.

“అయ్యా! ఆగండి! అయ్యా, మీకు దణ్ణం పెడతాను!” అని అరిచాను.

నా గొంతు ఖజానాదారుగారికి వినపడింది. కాని నేను ఇరుక్కున్న పక్క గోడకి అవతల ఉన్నది తాసిల్దారుగారి గది. ఇన్నాళ్ళకి వియ్యంకుడు దిగివచ్చి బతిమాలుతున్నాడనుకున్నారాయన. ‘గోడచాటు నుంచి పిలిస్తే నేను పలుకుతానా? ఎదటికి వచ్చి మర్యాదగా పిలవాలి’ అనుకుని, తాళం మరింత గట్టిగా నొక్కి, ఇంటికి భోజనానికి వెళ్ళిపోయారు. ఈ సంగతి తరువాత ఆయనే నాకు చెప్పారు.

నేను ఎలాగో పెట్టె వెనక నుంచి ఊడివచ్చి, ఖజానాదారుగారు ఇంకా తన గదిలోనే ఉంటారనుకుని అటుపక్క గోడ బాదడం మొదలుపెట్టాను. అప్పుడే తాసిల్దారుగారు తన తాళం వెయ్యడానికి వచ్చారు. ఆ చప్పుడు విని, వియ్యంకుడు తన గదిలో కోపంతో బల్ల గుద్దుతున్నాడనుకున్నారు.

“గుద్దుకోనీ, నొప్పెడితే ఆయన చెయ్యే నొప్పెడుతుంది,” అని పైకే అని తాళం వేశారు.

ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. నేను తలుపు దగ్గరికి వచ్చి పడేలోగా ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. అలిగినవాళ్ళకి లోకంలో ఏ చప్పుడైనా అవతలివాడే చేసినట్టు వినపడుతుంది కాబోలు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. సాయంత్రం దొరగారు వస్తారు, రాగానే డబల్ లాక్ తీయమంటారు, తీస్తే లోపల నేను ఉంటాను. రెండు తాళాలు వేసిన సర్కారు ఖజానాలో పట్టపగలు దొరికిన మనిషిని ఏమంటారో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం మాట దేవుడెరుగు, చేతికి బేడీలు పడేలా ఉన్నాయి. మా మామగారు ఆ ఉత్తరం చదువుతున్నట్టు కూడా ఊహించుకున్నాను.

మా కాపలా జవాను ఒక పెద్దాయన. పట్టిసీమ దగ్గర గోదావరి మీద వల వేసుకుని బతికే కుటుంబంలో పుట్టినవాడు. కచేరీ పక్కనే కాలువ ఉంది కదా అని తుపాకీతోపాటు గాలం కూడా దగ్గర పెట్టుకుని కాపలా కాసేవాడు. దొరగారి పడవ జాడ చూడ్డానికి రేవుకి వెళ్ళినవాడు తిరిగి వచ్చేసరికి నా ఏడుపు గోడ పైనున్న గవాక్షంలోంచి వినపడింది.

“ఎవరండీ లోపల?” అన్నాడు.

“నేనే!”

“నేనంటే ఎవరండీ? దొంగగారాండీ?”

“దొంగేంటయ్యా, నేను, గుమాస్తాని!”

“ఆయ్, తమరాండీ! డబల్ లాకులో ఏం చేత్తన్నారండీ?”

“ఏడుస్తున్నాను! ముందు పరిగెత్తు. వాళ్ళిద్దరినీ పిలుచుకురా!”

తాసిల్దారుగారు మజ్జిగన్నం ముందు నుంచి లేచి, తలపాగా పెట్టుకుని వచ్చారు. తన తాళం తీశారు. రెండోది మాత్రం దాని చోట అది వేలాడుతూనే ఉంది. ఆయన తలుపు సందులోంచి, “ఒరేయ్, నువ్వెందుకు దూరావురా అందులో?” అన్నారు. స్టాంపు కట్టల సంగతి చెప్పాను. “ఇప్పుడు దొరొస్తే నీతోపాటు నేనూ, ఆయనా కూడా ఇంటికేరా,” అన్నారు.

తాళం పగలగొడదామని జవాను అన్నాడు. సర్కారు తాళం పగలగొట్టి దొరకి ఏం చెప్పుకోను అన్నారు తాసిల్దారుగారు. వెంటనే వచ్చి తాళం తీయవలసిందని ఖజానాదారుగారికి హుకుం రాసి పంపారు. లోపల మనిషి ఉన్నాడని రాస్తే అది రేపు తన మెడకే చుట్టుకుంటుందని ఆ ముక్క మాత్రం రాయలేదు. జవాను చేత కూడా నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నారు.

జవాను జవాబు పట్టుకొచ్చాడు. “కడుపులో నొప్పంటండి. కచేరీ మళ్ళీ తెరిచాక చూద్దావన్నారండి. తాళంచెవి ఇంకోళ్ళ చేతికివ్వడం రూలు కాదంటండి. అయినా జంజేనికి కట్టేసుకున్నారు, ఎలా తెత్తానండీ?”

తాసిల్దారుగారు గడప మీద కూలబడ్డారు. అప్పుడు జవాను గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. పెరటి దారిన వస్తుంటే అమ్మాయిగారు నూతి దగ్గర కనపడి ఆపారట. “మామయ్యగారికి కడుపునొప్పీ లేదు, ఏమీ లేదు తాతా. ఇప్పుడే గారెలు తిన్నారు. ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని రోజూ శాలువా మడతపెట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నారు. అలిగి అలిగి ఆయనకే విసుగొచ్చేసింది. దిగిరావడానికి ఒక దారి కావాలి, అంతే. నాన్నగారిని మేళంతో రమ్మను. మంచి కొసాకు ఒకటి చూసి మరీ తెమ్మను,” అందట.

“మేళమా?” అన్నారు తాసిల్దారుగారు. “నేను తాలూకా తాసిల్దారునిరా! నా కింద పనిచేసేవాడింటికి సన్నాయి వాయించుకుంటూ వెళ్ళడమేంటి? రేపు ఈ కుర్చీలో కూర్చోగలనా?”

నాకు ఆ సమయంలో ఆ మాట ఎలా తట్టిందో ఇప్పటికీ తెలియదు. భయం వల్లనే అయి ఉంటుంది.

“అయ్యా,” అన్నాను తలుపు సందులోంచి, “తాసిల్దారుగారు వెళ్ళక్కర్లేదండీ. ఆయన్ని ఇక్కడే ఉండమనండి. ఆడపిల్ల తండ్రిగారిని పంపించండి.”

తాసిల్దారుగారు తన సర్కారు తలపాగా తీసి గడప మీద పెట్టారు. ఆ సందులోంచి నాకు తలపాగా జరీ కొంగు కనపడుతోంది.

“ఇదిగో, తాసిల్దారు ఇక్కడే ఉన్నాడు,” అన్నారు. “ఆయన్ని జాగ్రత్తగా చూస్తూ ఉండు. నేను వెళ్ళి మా బావగారిని పిలుచుకొస్తాను.”

ఊళ్ళో ఉన్నది ఒక్కటే మేళం. దొరగారికి రేవులో స్వాగతం చెప్పడానికి దాన్ని సాయంత్రానికి కుదిర్చి ఉంచారు. దొరగారి కోసం ఒక బంతిపూల దండ కూడా కట్టించి ఉంచారు. రెండింటినీ తాసిల్దారుగారు వియ్యంకుడి కోసం మళ్ళించేశారు. ఎలాగూ దొర వచ్చేలోగా తిరిగి తెచ్చేయవచ్చుననుకున్నారు. ఆకు కోసం జవాను కాలువ గట్టు మీది అరటి తోటంతా గాలించాడు. శ్రావణమాసపు గాలికి ఒక్క ఆకూ తిన్నగా లేదు. ఎట్టకేలకు గోడ చాటున ఉన్న చెట్టుకి ఒకటి దొరికింది.

బయలుదేరే ముందు జవాను నా ఆకలి సంగతి మరచిపోలేదు. భజంత్రీలు డోలు బిగించుకుంటుండగా గవాక్షంలోంచి పులిహోర పొట్లం ఒకటి గాలానికి వేలాడుతూ కిందికి దిగింది.

“దారం లాక్కండేం! పొట్లం నెమ్మదిగా విప్పుకోండి. చేపయితే ఈపాటికి మింగేసేదండీ,” అన్నాడు పైనుంచి. తాసిల్దారుగారు కేకేయడంతో గాలాన్ని గవాక్షం ఊచకి కట్టేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడి నుంచి కొంతదాకా నేను చూసింది కాదు. జవాను చెప్పినదీ, ఊరంతా చెప్పుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందు సన్నాయి, డోలు. వెనక ఉత్తరీయం కప్పుకుని బోసి తలతో తాసిల్దారుగారు. ముంజేతికి బంతిపూల దండ, రెండు చేతుల్లో వెండి పళ్ళెం, పళ్ళెంలో కొసాకు. పక్కన జవాను గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. గొడుగు తాసిల్దారుగారికి కాదు, ఆకుకి. కాలువ వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా జవాను గొడుగు అటు తిప్పి “ఆగండాగండి!” అనేవాడు. ఊరేగింపు ఆగేది. మేళం కూడా ఆగేది. గాలి తగ్గాక మళ్ళీ అందుకునేది. జనం అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. అరిటాకుని ఊరేగించడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు.

సరిగ్గా అప్పుడే గాలి కలిసివచ్చి దొరగారి పడవ ముందుగానే రేవుకి చేరింది. దొరగారు దిగి చూస్తే రేవులో నరపురుగు లేదు. ఎక్కడో మేళం మాత్రం వినపడుతోంది. తన స్వాగతం దారి తప్పిందనుకుని, టోపీ సర్దుకుని, మేళం వినపడిన వైపు నడుచుకుంటూ వచ్చేశారు. ఖజానాదారుగారి వీధి మలుపులో ఊరేగింపుని అందుకున్నారు.

వెనక ఇంగ్లీషు గొంతు విని తాసిల్దారుగారు తిరిగి చూశారు. దొరగారు చిరునవ్వుతో దండ కోసం మెడ వంచి ఉన్నారు. ఏం చేస్తారు పాపం? పళ్ళెం జవాను చేతిలో పెట్టి దండ తీసి వేసేశారు. వియ్యంకుడి దండ దొర మెడలోకి వెళ్ళిపోయింది.

“ఈ పత్రము ఏమి?” అని అడిగారు దొరగారు. ఆయనకి పుస్తకంలో నేర్చుకున్న తెలుగు వచ్చు.

తాసిల్దారుగారికి ఆ కంగారులో ఇంగ్లీషూ, తెలుగూ రెండూ ఎగిరిపోయాయి. “డబల్ లాక్, సర్. కీ, సర్,” అన్నారు.

దొరగారు మెచ్చుకోలుగా తల ఊపారు. ఖజానా తాళంచెవిని తీసుకురావడానికి ఈ దేశంలో ఇంత శాస్త్రోక్తమైన తంతు ఉందన్నమాట అనుకున్నారు. ఆలోచిస్తే ఆయన అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇక అరుగు మీద ఖజానాదారుగారు. మేళం తన ఇంటివైపే రావడం చూసి శాలువా కప్పుకుని లేచారు. ఎదురుగా వియ్యంకుడు. ఆయన తలమీద తలపాగా లేదు. పక్కన దండ వేసుకున్న దొర! తనని పిలవడానికి వియ్యంకుడు ఏకంగా దొరగారినే వెంటబెట్టుకొచ్చాడని అర్థం చేసుకున్నారాయన. గోదావరి రెండు గట్ల మీదా ఏ వియ్యంకుడికీ ఇలాంటి పిలుపు జరిగి ఉండదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఎందుకండీ బావగారూ ఇంత శ్రమ? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ,” అన్నారు.

కబురు పెడితే కడుపునొప్పి వచ్చిన సంగతి తాసిల్దారుగారు ఎత్తలేదు. “ముందు ఆకు చూసుకోండి బావగారూ,” అని జవాను దగ్గర పళ్ళెం తీసుకుని ముందుకి చాపారు.

ఖజానాదారుగారు ఆకుని రెండు చేతులతో ఎత్తి, ఆకాశానికి అడ్డంగా పట్టి, కొస నుంచి మొదలుదాకా పరీక్షగా చూశారు. దొరగారు కూడా పక్కన చేరి మెడ ఎత్తి చూశారు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది.

“బావుందండీ,” అన్నారు ఖజానాదారుగారు. డోలు ఒక్కసారిగా మోగింది.

ఆ మోత నాకు ఖజానా గదిలోకి వినపడింది. క్రమంగా దగ్గరైంది. నా పెళ్ళి తరువాత నా కోసం మేళం రావడం అదే మొదటిసారి అనుకుని సంతోషంగా లేచాను. ఇంతలో మేళం మధ్యలో ఇంగ్లీషు మాట ఒకటి వినపడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఖజానాదారుగారి జంధ్యం పొట్టిది. తాళం తీయాలంటే ఆయన తలుపుకి గుండె ఆనించి వంగాలి. అలా వంగి, మూలిగి, తాళం తీశారు. తలుపు తెరుచుకుంది.

నేను చేతులు జోడించి దణ్ణం పెట్టబోయి ఒక అడుగు ముందుకి వేశాను. ఆ అడుగు పడలేదు. పొట్లం విప్పేటప్పుడు గాలం ముల్లు నా చొక్కా మెడకి పట్టుకుంది, నేను చూసుకోలేదు. దారం బిగిసి నన్ను వెనక్కి లాగింది. గవాక్షానికి దారంతో వేలాడుతూ, మూతికి పులిహోర పసుపుతో నేను దొరగారికి దర్శనమిచ్చాను.

మేళం ఆగిపోయింది. దొరగారు నన్నూ, దారాన్నీ, గవాక్షాన్నీ వరసగా చూశారు.

“తలుపు మూయుటకు ముందు లోపల చూచినది ఎవరు?” అన్నారు.

తాసిల్దారుగారి వేలు ఖజానాదారుగారి వైపు, ఖజానాదారుగారి వేలు తాసిల్దారుగారి వైపు ఒక్కసారే లేచాయి.

అప్పుడు ఖజానాదారుగారు నావైపు తిరిగారు. “అయితే ఇందాక దణ్ణం పెడతానని పిలిచింది... నువ్వా?” అన్నారు. నేను తల ఊపాను. ఆయన గడప మీది తలపాగాని చూశారు, వియ్యంకుణ్ణి చూశారు. మేళం ఎందుకు వచ్చిందో ఆయనకి మొత్తం అర్థమైపోయింది. తాసిల్దారుగారు తల దించుకున్నారు. అలక మళ్ళీ మొదలయితే ముగ్గురమూ మునిగినట్టే. ఆయన ఒక్క మాట, ‘మొదట నేను వేశాను, చూడవలసింది తరువాత వేసిన ఆయన’ అంటే చాలు, తాను తప్పించుకోవచ్చు.

ఖజానాదారుగారు చేతిలోని ఆకుని మరోసారి చూసుకున్నారు.

“తప్పు ఇద్దరిదీనండి దొరగారూ,” అన్నారు. “డబల్ లాక్ కదండీ.”

“కాదండి, నాదే,” అన్నారు తాసిల్దారుగారు. “మొదట చిరిగిన ఆకు వేసింది నేనండి.”

ఆకు సంగతి దొరగారికి ఏమీ అర్థం కాలేదు. ఆయన గదిలోకి వచ్చి నా చెక్కలనూ, వాటి మీది స్టాంపు కట్టలనూ వేలితో తట్టి చూశారు. “ఇవి ఆరినవి. ఎత్తినది నీవా?” అన్నారు. అవునన్నాను. “కాగితముల మీద నూనె మరకలు లేవు,” అన్నారు నా మూతి వైపు చూస్తూ. తరువాత నా చొక్కాలోంచి ముల్లు స్వయంగా ఊడదీసి, “ఈ చేపను ఉంచుకొనుడు,” అన్నారు. అలా నా ఉద్యోగం ఖాయమైంది. ఈ మాట మా మామగారికి నేను కాస్త మార్చి రాశాను.

ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. దాంతోపాటు ఒక కొత్త హుకుం కూడా. తాళం వేసేముందు ఇద్దరూ గడపలో నిలబడి ఒకరు పైకి అడగాలి, రెండోవారు చూసి పైకి జవాబు చెప్పాలి. మరునాటి నుంచి సాయంత్రం కాగానే కచేరీ అంతా పని ఆపి వినేది.

“లోపల ఎవరైనా ఉన్నారాండీ బావగారూ?”

“ఎవరూ లేరండీ బావగారూ.”

సర్కారు హుకుం కనక ఆ తరువాత వాళ్ళకి అలిగే వీలే లేకపోయింది. రోజూ మాట్లాడి తీరాలి. ఊళ్ళో కూడా ఆ మాట అలా పాకింది. ఏ ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకపోయినా “అక్కడ డబల్ లాక్ పడిందండీ” అనేవారు. అమ్మలక్కలు, పడవవాళ్ళు, చేపలమ్ముకునేవాళ్ళు అందరూ అనేవారు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటకి ఏ అర్థం రాసుకున్నారో నాకు తెలియదు. మా తాలూకాలో మాత్రం దాని అర్థం ఇది: తాళాలు రెండు, ఒకరి తాళం ఇంకొకరు తీయలేరు, ఎవరిది వాళ్ళే తీయాలి, కాని ఎవరో ఒకరు ముందు వచ్చి పిలవాలి.

ఇదంతా ఈ పూట ఎందుకు రాశానంటే, పొద్దున్న నేను సంత నుంచి తెచ్చిన అరిటాకుల్లో ఒక్కటీ తిన్నగా లేదని మా ఆవిడ నన్ను నాలుగు మాటలంది. నేను ఊరుకోక ఇంకో నాలుగు అన్నాను. తను వంటింట్లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. నేను వసారాలోకి వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. పై పేరా దాకా వచ్చాక సిగ్గేసింది. కలం పక్కన పెట్టి, వెళ్ళి వంటింటి తలుపు ముందు నిలబడ్డాను.

“లోపల ఎవరైనా ఉన్నారాండీ?” అన్నాను.

లోపల పోపు చిటపటలాడింది.

“ఎవరూ లేరండీ,” అంది మా ఆవిడ, గొళ్ళెం తీస్తూ.